ఉప్పల్‌లో పొల్లు ఎక్కడ పోయింది? ఐకాన్వ్‌తో తెలుగు ఫైళ్లు

ఎక్సెల్‌లో కాలనీల పేర్లు తెలుగులో కొట్టి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే, సాధారణంగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఆ ఫైలు ఇక బాగుపడదు. తిరిగి అసలు షీటు తెరవాల్సిందే. దాన్ని 'యూనికోడ్ టెక్స్ట్'గా సేవ్ చేయండి. అప్పుడు వచ్చేది ట్యాబ్‌లతో విడదీసిన యూటీఎఫ్-16 ఫైలు, మొదట్లో రెండు బైట్ల బైట్ ఆర్డర్ మార్కుతో (బైట్ల వరుస ఏదో చెప్పే గుర్తు). యూటీఎఫ్-16, యూటీఎఫ్-8 అనేవి అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతులు, అంటే ఎన్‌కోడింగ్‌లు.

దాన్ని యూటీఎఫ్-8కి మార్చడానికి ఐకాన్వ్ ఉంది, ఫైలు ఎన్‌కోడింగ్ మార్చే కమాండ్. ఉబుంటు టెర్మినల్‌లో ఐకాన్వ్ అని కొట్టి, మైనస్ ఎఫ్ పక్కన యూటీఎఫ్-16, మైనస్ టీ పక్కన యూటీఎఫ్-8, తర్వాత పాత ఫైలు పేరు, గ్రేటర్ దాన్ గుర్తు, కొత్త ఫైలు పేరు ఇవ్వండి. రెండు చోట్లా ఒకే పేరు ఇచ్చారో, ఐకాన్వ్ చదవకముందే షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. యూటీఎఫ్-16 చివర ఎల్ఈ తగిలించకండి. తగిలిస్తే ఆ బైట్ ఆర్డర్ మార్కును కూడా అక్షరంగా లెక్కేసి కొత్త ఫైల్లోకి మోసుకొస్తుంది. కంటికి కనబడదు గానీ, డేటాబేస్‌లో మొదటి కాలమ్ పేరు మాత్రం కలవదు.

సైజు పెరిగిందని కంగారు వద్దు. 'ఉప్పల్'లో ఉ, ప, పొల్లు, ప, ల, పొల్లు, మొత్తం 6 కోడ్‌లు. యూటీఎఫ్-16లో 12 బైట్లు, యూటీఎఫ్-8లో 18.

డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే అను ఫాంట్ల ఫైళ్లకు ఐకాన్వ్ పనికిరాదు. అక్కడ ఉన్నవి అక్షరాల కోడ్‌లు కావు, ఫాంటులోని ముక్కల నంబర్లు. ఆ ఫాంటుకే రాసిన కన్వర్టర్ వెతుక్కోవాలి.

అసలు తలనొప్పి వేరే ఉంది. యూటీఎఫ్-8 ఫైలును ఎవరో విండోస్-1252 (ఇంగ్లిష్, పశ్చిమ యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్) అనుకుని తెరిచి, మళ్లీ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తారు. ఫైలు నిండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఏ' (à) అక్షరాలు, డిగ్రీ గుర్తులు. యూటీఎఫ్-8 నుంచి విండోస్-1252కి తిప్పితే పాత బైట్లు రావాలి, లెక్క ప్రకారం. కానీ హెక్స్ అంకెల్లో (16 ఆధారంగా రాసే లెక్క) పొల్లు బైట్లు ఈ0 బీ1 8డీ, ఉకారం కొమ్ము బైట్లు ఈ0 బీ1 81. విండోస్-1252లో 8డీ, 81 స్థానాలు ఖాళీ. అందుకే ఐకాన్వ్ 'ఇల్లీగల్ ఇన్‌పుట్ సీక్వెన్స్' అని ఆగిపోతుంది. తప్పు ఇన్‌పుట్‌దే అన్నట్టుంటుంది ఆ మాట. నిజానికి విండోస్-1252 వైపు దానికి చోటు లేదు.

ఇక్కడ చాలామంది మైనస్ సీ (మార్చలేని అక్షరాలను వదిలేయమనే ఆప్షన్) పెట్టి దాటేస్తారు. అదే ముంచుతుంది: మూడో బైటు రాలిపోయి ఈ0 బీ1 మొండిగా మిగులుతుంది. దానికి బదులు పైథాన్‌లో ఎఫ్‌టీఎఫ్‌వై (ftfy) లైబ్రరీ వేసుకోండి, ఇలా పాడైన టెక్స్ట్‌ను బాగుచేసేది. అందులోని స్లాపీ-విండోస్-1252 ఎన్‌కోడింగ్ ఆ ఖాళీ స్థానాలను బైటుకు బైటుగా వెనక్కి ఇస్తుంది. మూడో బైటు అంతకుముందే ఏ ఎడిటర్‌లోనో పోయి ఉంటే మాత్రం, అక్కడ ఉన్నది పొల్లో కొమ్మో ఫైలు చెప్పదు. అచ్చు కాపీ పక్కన పెట్టుకుని చేత్తో దిద్దుకోవాలి.