71.33 దగ్గర ఆగిపోయి, చేపల మార్కెట్లో అర్థమైన జెనెటిక్స్ (నా ఏఎస్‌ఆర్‌బీ నెట్ కథ)

ఫ్రెండ్స్, ఏఎస్‌ఆర్‌బీ నెట్ (వ్యవసాయ యూనివర్సిటీల్లో లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) మూడో అటెంప్ట్‌లో ఫిష్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్ సబ్జెక్ట్‌లో క్వాలిఫై అయినా. రిజల్ట్ చూసి రెండ్రోజులు నమ్మలేదు, పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ ఇంకా అట్లే ఉందా అని పొద్దున లేచి మళ్లీ చూసుకున్నా. మా అమ్మ అయితే నాగలాపురం వేదనారాయణస్వామికి మొక్కు తీర్చాలంటా ఉంది. మత్స్యావతారం గుడి కదా, నీ చదువుకి ఆయనే కరెక్టు దేవుడు అని మూడేళ్లుగా ఒకటే మాట.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసిందే, 150 ప్రశ్నలు, తప్పుకి మూడో వంతు కోత, అవన్నీ మళ్లీ చెప్పను. నేను చెప్పాల్సింది రెండో అటెంప్ట్ గురించి.

అప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో రూము, పొద్దునంతా యూనివర్సిటీ లైబ్రరీ, రాత్రికి టిఫిన్ బండి. 142 పెట్టినా. 89 రైటు, 53 తప్పు. కోత 17.67, చేతికి వచ్చింది 71.33. జనరల్‌కి 75 కావాల. ఇంటికొచ్చి కీ ముందర పెట్టుకుని లెక్క చూస్తే, చివరి పది నిమిషాల్లో గుడ్డిగా పెట్టినవి 20, వాటిలో తగిలినవి రెండే. అంటే రెండు వచ్చి ఆరు పోయినాయి. ఆ ఇరవై ముట్టకుండా ఉండుంటే 75.33, క్వాలిఫై. ఈ లెక్క ఎన్ని రాత్రులు వేసుకున్నానో నాకే తెలుసు.

కానీ నిజం చెప్పాలంటే తప్పు అక్కడ కాదు, గుడ్డి గెస్ మీద నెపం వేసి నాలుగు నెలలు వేస్ట్ చేసినా. మిగతా 35 తప్పులు చూస్తే ఎక్కువ పాపులేషన్ జెనెటిక్స్‌లోవే (ఒక గుంపు మొత్తంలో జన్యువుల లెక్క). హెటిరోజైగోట్లు (తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం జన్యువు వచ్చినవి, రెండూ ఒకటే అయితే హోమోజైగోట్లు) తక్కువ అని యాడ కనపడినా కళ్లు మూసుకుని ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి చుట్టాల మధ్య జత) అని టిక్ పెట్టేవాణ్ణి, నా నోట్సులో అట్లే రాసుకున్నా మరి, బాక్స్ కట్టి రెడ్ పెన్నుతో.

అది విరిగింది మార్కెట్లో. ఒక ఆదివారం అమ్మతో చేపలకి పోయినా. చేపలన్న దగ్గర రెండు గంపలు, ఒకటి ఇక్కడి చెరువుది, ఇంకొకటి ఐసులో భీమవరం వైపు నుంచి వచ్చింది, రెండూ శీలావతే (రోహూ). చెరువు గంప తగ్గేసరికి ఆయన ఐసు చేపలు తీసి అందులోకి కుమ్మరించేసినాడు. అమ్మ ఊరుకుంటుందా, చెరువు చేప అని చెప్పి రెండూ కలిపి అమ్ముతావా అని పట్టుకుంది. ఆయన "రెండూ శీలావతే కదక్కా" అన్నాడు. నేను అక్కడే నిలబడిపోయినా. వాలుండ్ ఎఫెక్ట్ (వేరే వేరే గుంపుల్ని కలిపి ఒకటే అని లెక్కేస్తే హెటిరోజైగోట్లు తగ్గినట్టు కనపడడం) అంటే ఇదే కదరా సామీ!

లెక్క చూడండి. చెరువు చేపల్లో ఒక అల్లీల్ (జన్యువులో ఒక రకం) ఫ్రీక్వెన్సీ 0.9, ఐసు చేపల్లో అదే 0.1 అనుకోండి (నిజం శీలావతిలో ఇంత తేడా ఉండదు, లెక్క తేలిగ్గా ఉంటుందని తీసుకున్నా). ఏ గంపకి ఆ గంప హార్డీ వైన్‌బర్గ్‌లో (ఎవరు ఎవరితోనైనా జత కడితే రావాల్సిన లెక్క, హెటిరోజైగోట్లు 2పీక్యూ) చక్కగా ఉంది, రెండింట్లోనూ హెటిరోజైగోట్లు 18 శాతం. సగం సగం కలిపేస్తే సగటు 0.5, దాని ప్రకారం 50 శాతం రావాల, గంపలో ఉన్నది మాత్రం అదే 18. ఎవరూ అన్నాచెల్లెళ్లని జత కట్టలేదు, అయినా హెటిరోజైగోట్లు తగ్గినాయి! 1 లోంచి 0.18 బై 0.5 తీసేస్తే 0.64, అది మొత్తం ఎఫ్‌ఎస్‌టీ (గుంపుల మధ్య తేడా వల్ల వచ్చిన తగ్గుదల), ఎఫ్‌ఐఎస్ (గుంపు లోపలి ఇన్‌బ్రీడింగ్ వల్ల వచ్చేది) సున్నా. జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ 1951లో చెప్పిన ఎఫ్‌ఐటీ (ఈ రెండూ కలిసిన మొత్తం తగ్గుదల) సంబంధం నేను మూడుసార్లు బట్టీ కొట్టి మూడుసార్లు మర్చిపోయినా, ఆ రోజు నుంచి మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే ఊడి వచ్చింది. ఇన్‌బ్రీడింగ్ అయితే అన్ని లోకస్‌లలోనూ (క్రోమోజోమ్ మీద జన్యువు ఉండే చోట్లు) తగ్గుదల కనపడాల. ఒకే ఒక్క మైక్రోశాటిలైట్‌లో (చిన్న డీఎన్‌ఏ ముక్క పదేపదే రిపీటయ్యే మార్కర్) మాత్రమే తగ్గితే నల్ అల్లీల్‌ని అనుమానించాల, ప్రైమర్ (డీఎన్‌ఏ కాపీ మొదలుపెట్టే చిన్న ముక్క) అతుక్కునే చోట మ్యుటేషన్ ఉండి ఒక అల్లీల్ అసలు యాంప్లిఫై కాదు, మనకి హోమోజైగోట్ లాగా కనపడుతుంది. వాలుండ్ అయితే రెండు స్టాకుల (ఒకే జాతిలో వేరే వేరే గుంపులు) మధ్య ఫ్రీక్వెన్సీ తేడా ఉన్న లోకస్‌లలోనే. ఆర్‌ఏపీడీ, ఏఎఫ్‌ఎల్‌పీ (రెండూ డీఎన్‌ఏ పరీక్ష పద్ధతులు) డామినెంట్ మార్కర్లు అని ఊరికే చదివేవాణ్ణి, హెటిరోజైగోట్‌నీ హోమోజైగోట్‌నీ ఒకే బ్యాండ్‌గా చూపిస్తాయి కాబట్టి ఈ లెక్క వాటితో నేరుగా కుదరదని అప్పుడు తట్టింది. సీఓఐ బార్‌కోడ్ (మైటోకాండ్రియాలోని ఒక జన్యువు), ఆ 650 బేసులు, ఏ జాతి చేపో చెప్పడానికి బంగారం, కానీ మైటోకాండ్రియాది తల్లి వైపు కథ ఒక్కటే, ఒకే జాతిలో దగ్గరి స్టాకుల మధ్య సన్నని తేడాలకి మైక్రోశాటిలైట్లు గానీ, ఎస్‌ఎన్‌పీలు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాలు) గానీ కావాల.

హ్యాచరీ లెక్క కూడా ఇంతే. 10 మగ, 90 ఆడ బ్రూడర్లు (పిల్లలు తీయడానికి పెంచే పెద్ద చేపలు) పెట్టుకుని వంద ఉన్నాయి అనుకుంటాం, ఎఫెక్టివ్ సైజు (జన్యువుల లెక్కలో నిజంగా పనికొచ్చే సంఖ్య) 36 మాత్రమే. నాలుగు ఇంటూ పది ఇంటూ తొంభై, బై వంద. తరానికి ఇన్‌బ్రీడింగ్ 72లో ఒక వంతు, దాదాపు 1.4 శాతం. ఈ ఫార్ములా ఒక్కటి చేతిలో ఉంటే జయంతి రోహూకి (ఎంపిక చేసి పెంచిన మేలు రకం శీలావతి) 1992లో ఒక్క ఫారం చేపలతో సరిపెట్టకుండా ఐదు నదుల స్టాకులు ఎందుకు తెచ్చినారో కూడా అర్థమవుతుంది.

మిగతావి గబగబా. క్రోమోజోములు: బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడూ 50, బంగారుతీగ 100, నైల్ తిలాపియా 44. ట్రిప్లాయిడ్‌కి (మూడు సెట్ల క్రోమోజోములు) ఫలదీకరణ అయిన కాసేపటికే గుడ్లకి షాక్ (వేడి, చలి లేదా ఒత్తిడి), టెట్రాప్లాయిడ్‌కి (నాలుగు సెట్లు) మొదటి క్లీవేజ్ (కణ విభజన) దగ్గర, ఈ టైమింగ్ తారుమారు చెయ్యొద్దండి, నేను చేసినా. 1957 జులై 10, హీరాలాల్ చౌదురి హార్మోన్ ఇచ్చి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించిన రోజు, ఇది రాని వాళ్లు ఉండరు. పాపులేషన్ డైనమిక్స్‌లో జెడ్ ఈజ్ ఈక్వల్ టు ఎఫ్ ప్లస్ ఎం, జెడ్ మొత్తం మరణాల రేటు, ఎం సహజంగా చచ్చేవి, అక్కడి ఎఫ్ ఫిషింగ్ మోర్టాలిటీ (వేటలో పోయేవి), జెనెటిక్స్ ఎఫ్ (ఇన్‌బ్రీడింగ్ కొలత) కాదు. నవ్వకండి, కలిపేసిన వాణ్ణి నేనే.

ఫోను పక్కన పెట్టండి, పొద్దున ఐదుకి లేవండి అని చెప్పాలని ఉంది, కానీ నేను ఏ రోజూ ఏడుకి ముందు లేవలేదు. మా బ్యాచ్ వాళ్లు ఫీడ్ కంపెనీల్లో చేరి బండ్లు, కార్లు కొన్నారు, పెళ్లిళ్లలో బంధువులు "ఏడుకొండల కింద కూర్చోని చేపల చదువేందిరా" అన్నారు, నేను నవ్వి ఊరుకున్నా. మూడేళ్లు ఖాళీగా కూర్చున్నాడు అంటే మాత్రం ఒప్పుకోను, ఖాళీగా ఉన్నవాడు ఒక గంప చూసి ఎఫ్‌ఎస్‌టీ లెక్క కట్టడు.

చేపలన్నకి స్వీటు బాక్సు ఇచ్చినా. నీ గంపల వల్లే పాసైనా అన్నా అంటే ఆయనకి అర్థం కాలేదు, భయపడి "ఇప్పుడు కలపడం లేదు సార్, అక్కకి చెప్పండి" అన్నాడు.

నా నోట్సు యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ఇచ్చి పెట్టినా, కావాల్సిన వాళ్లు తీసుకోండి. అందులో రెడ్ పెన్నుతో బాక్స్ కట్టిన లైన్ ఒకటి ఉంటుంది, హెటిరోజైగోట్లు తక్కువ అంటే ఇన్‌బ్రీడింగ్ అని. అది కొట్టేయడం మర్చిపోయినా, మీరు కొట్టేసుకోండి.