సై మారదు, వేగాలు మారతాయి

గేట్ మెకానికల్‌కి చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంజినీరింగ్ ఇంగ్లీషులో. అందుకే కొత్త పదం ఏది వచ్చినా ముందు ఇంటి మాటలోకి తెచ్చుకునేవాణ్ణి. సోర్స్ అంటే ఊట, వోర్టెక్స్ అంటే సుడి. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో నన్ను బాగా ఏడిపించింది మాత్రం పోలార్ (దూరం ఆర్, కోణం తీటా), కార్టీజియన్ (ఎక్స్, వై) మార్పిడి.

ఒక మాక్ టెస్టులో ప్రవాహ రేఖలను చెప్పే స్ట్రీమ్ ఫంక్షన్ సై = 2ఎక్స్‌వై ఇచ్చి, (1, 1) దగ్గర రేడియల్ వేగం, అంటే మూలబిందువు నుంచి దూరంగా పోయే వేగం, అడిగారు. వైతో డిఫరెన్షియేట్ చేస్తే ఎక్స్ వైపు వేగం యూ = 2ఎక్స్. ఎక్స్ బదులు ఆర్ కాస్ తీటా పెట్టి, అదే రేడియల్ వేగం అనుకుని 2 అని రాశాను. సరైన జవాబు సున్నా. మార్కు పోయినందుకు కాదు, ఎందుకు పోయిందో రెండు రోజులు తెలియనందుకు బాధపడ్డాను.

వంశధార గట్టున కూర్చుని, నీళ్ళలో కొట్టుకుపోతున్న ఆకును ఒకసారి ఊహించుకోండి. అది మీకు దగ్గరవుతూ వచ్చి, సరిగ్గా మీ ఎదురుగా ఉన్న క్షణంలో దగ్గరా అవదు, దూరమూ అవదు. అయినా వేగంగానే పోతోంది. మీరున్న చోటే మూలబిందువు అనుకుంటే, (1, 1) దగ్గర జరిగేది అదే. ఆ ప్రవాహ రేఖ మూలబిందువుకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే చోటు అది. రేడియల్ వేగం సున్నా, తీటా వైపు (కోణం మారే వైపు) వేగం మైనస్ 2.83.

సైకి దిక్కు లేదు. ఎక్స్, వై బదులు ఆర్, తీటా పెడితే చాలు, ఆర్ స్క్వేర్ సైన్ 2తీటా వచ్చేస్తుంది. వేగానికి దిక్కుంది. రేడియల్ వేగం కావాలంటే యూ కాస్ తీటాకి వీ సైన్ తీటా కలపాలి (వీ అంటే వై వైపు వేగం). లేదా సైని తీటాతో డిఫరెన్షియేట్ చేసి ఆర్‌తో భాగించాలి. ఆ భాగహారం మాత్రం మరవకండి. నేను రెండు దారుల్లోనూ చేసి, మొత్తం వేగం ఒకటే వచ్చిందా అని చూసుకునేవాణ్ణి. ఇక్కడ యూ 2, వీ మైనస్ 2, కాబట్టి అటూ 2.83, ఇటూ 2.83. కొన్ని పుస్తకాల్లో సై ప్లస్, మైనస్ గుర్తులు తిరగబడి ఉంటాయి, అందుకని ఒకే పద్ధతి పట్టుకోండి.

ఊట, సుడి, డబ్లెట్ (ఊట, నీళ్ళు పీల్చుకునే సింక్ బాగా దగ్గరగా చేరిన జంట), సిలిండర్ చుట్టూ ప్రవాహం: రోజుకొకటి అటూ ఇటూ మార్చి చూడండి. ఊటకి సైలో తీటా ఉంటుంది, అక్కడ టాన్ ఇన్వర్స్‌తో జాగ్రత్త. (మైనస్ 1, 1)కి వై బై ఎక్స్ కొడితే కాలిక్యులేటర్ మైనస్ 45 చూపిస్తుంది, అసలు కోణం 135. న్యూమరికల్ ప్రశ్నల్లో తప్పు పట్టించే ఆప్షన్లు ఉండవు కదా, ముందు చిన్న బొమ్మ గీసి బిందువు ఏ పాదంలో (క్వాడ్రంట్) ఉందో చూసుకోండి.