పోస్టల్ కోడ్ అడిగారు, పౌరసత్వం అడగలేదు

టొరంటోలో యూనివర్సిటీ అవెన్యూ మీదున్న ఒక ఆసుపత్రిలో నేను రాత్రి డ్యూటీ నర్సుని. 2020 వేసవిలో కరోనాకు భయపడి సబ్‌వే ఎక్కడం మానేసి ఒక పాత సైకిల్ కొన్నాను. తెనాలిలో ఇంటర్ చదివిన రోజుల తరువాత మళ్ళీ సైకిల్ ముట్టుకున్నది అప్పుడే. లాన్స్‌డౌన్ నుంచి బ్లోర్ వీధి వెంట తూర్పుగా వచ్చి, శాసనసభ ఉన్న క్వీన్స్ పార్క్‌ను చుట్టి, యూనివర్సిటీ అవెన్యూలోకి దిగితే ఆసుపత్రి. ఆ ఏడాదే నా దారిలో చాలాచోట్ల సైకిళ్ళకు విడిగా దారి వేశారు. కార్లకూ మనకూ మధ్య ఒక గట్టు, ప్లాస్టిక్ కడ్డీలు, అంతే. ఆ అంతే లేకపోతే నేను తొక్కేదాన్ని కాదు.

2024 అక్టోబరు 21న మా రాష్ట్రమైన ఒంటారియో ప్రభుత్వం శాసనసభలో 212వ నంబరు బిల్లు పెట్టింది. కార్లకు ఒక వరుస తగ్గించి సైకిల్ దారి వేయాలంటే ఇకమీదట నగరాలు రాష్ట్రం అనుమతి తీసుకోవాలన్నది ఆ బిల్లు. అక్కడితో ఆగలేదు. బ్లోర్, యంగ్, యూనివర్సిటీ వీధుల్లో ఉన్నవాటిని తీసేస్తామని ప్రీమియర్, అంటే ఇక్కడి ముఖ్యమంత్రి, డగ్ ఫోర్డ్ చెప్పారు. మూడింటిలో రెండు నేను రోజూ తొక్కే వీధులు.

నాకు ఇక్కడ ఓటు లేదు. పౌరసత్వం ఇంకా రాలేదు. ఓటు లేనివాళ్ళ మాట ఎవరు వింటారులే అని ఊరుకునేదాన్నే, తోటి నర్సు ఒకామె ఆ బిల్లు మీద పర్యావరణ రిజిస్ట్రీలో, అంటే ప్రజల అభిప్రాయాలు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైటులో, ఎవరైనా అభిప్రాయం రాయవచ్చని చెప్పకపోతే. గడువు నవంబరు 20.

దీపావళికి బ్రాంప్టన్‌లో మా అక్క ఇంటికి వెళ్ళాను. ఈ మాట ఎత్తగానే బావగారు పళ్ళెం పక్కన పెట్టేశారు. ఆయన రోజూ డౌన్‌టౌన్‌కు కారులో వస్తారు. "చూడమ్మా, నువ్వు ఒక్కదానివి హాయిగా వెళ్ళడానికి మా వెనక రెండు మైళ్ళ కార్లు ఆగాలా?" అన్నారు. ఆయన కష్టం కల్పితం కాదు, ఆ రద్దీలో నేనూ కూర్చున్నాను. "అయితే మీరూ రాయండి బావగారూ" అన్నాను. రాశారు. భోజనాల బల్లకు ఆ కొసన ఆయన బిల్లు కావాలని, ఈ కొసన నేను వద్దని. ఆయన ఇంగ్లీషులో తప్పులు నేనే దిద్దాను. మా అక్క ఇద్దరికీ చెరొక సున్నుండ పెట్టి, టీవీ చూడటానికి వెళ్ళిపోయింది.

నాది ఒక పట్టాన తెగలేదు. మొదటిసారి నాలుగు పేజీల కోపం రాశాను. ఆ ఏడాది నగరంలో ఆరుగురు సైకిలిస్టులు చనిపోయారని, నగరం 2.7 కోట్ల డాలర్లు పెట్టి వేసినవాటిని పీకడానికి ఎంతవుతుందని. చదువుకుంటే ఎవరో అరుస్తున్నట్టు ఉంది. రెండోసారి ఎవరో పంపిన నమూనా ఉత్తరం అతికించాను. అందులో నేను లేను. మూడోసారి ఏడు వాక్యాలు: 'ఉదయం ఏడున్నరకు డ్యూటీ దిగుతాను. పన్నెండు గంటలు నిలబడ్డాక కాళ్ళు నా మాట వినవు. గట్టు ఉంటే, తూలినప్పుడు గట్టుకు తగులుతాను, లారీకి కాదు. పక్క వీధుల్లో వెళ్ళమంటున్నారు. నా దారిలో పక్క వీధి రెండు సందులు దాటగానే ఎదురు వన్‌వే అవుతుంది, లేదా ట్రామ్ పట్టాల్లోకి చేరుస్తుంది. ఆ పట్టాల్లో నా ముందు చక్రం ఒకసారి ఇరుక్కుంది. మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.' అదే పంపాను.

రిజిస్ట్రీతో తృప్తి పడక కాగితం మీద వినతిపత్రం కూడా మొదలుపెట్టాను. కార్తీక వనభోజనాలు ఇక్కడ చలికి హాల్లోనే జరుగుతాయి. ఉసిరి కొమ్మ ఒకటి ఎక్కడినుంచో తెచ్చి కుండీలో గుచ్చారు. దాని పక్కన బల్ల మీద నా కాగితాలు పరిచాను. సగం మంది బావగారి పక్షమే. పులిహోర వడ్డిస్తున్న ఒక పెద్దావిడ మాత్రం గరిటె పక్కనబెట్టి, చేయి చీరకొంగుకు తుడుచుకుని వచ్చారు. "మా మనవడు చదువుకుంటూ సైకిల్ మీద ఇళ్ళకు భోజనాలు అందిస్తాడమ్మా. రాత్రి పదకొండు దాకా వాడి ఫోను కోసమే చూస్తుంటాను" అన్నారు. పేరు నన్ను ఇంగ్లీషులో రాయమని, సంతకం తెలుగులో చేశారు. 'య' ఒత్తు దగ్గర పెన్ను కాస్త ఆగింది.

మొత్తం నలభై ఒకటి. మిసిసాగా నుంచి ఇంకో ఇరవై సంతకాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. వాటిని అచ్చు వేయించి మా ప్రాంతపు శాసనసభ్యురాలి కార్యాలయానికి తీసుకెళ్ళాను. అక్కడున్న అమ్మాయి ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి పక్కన పెట్టేసింది. సిరాతో చేసిన అసలు సంతకాలే చెల్లుతాయట. తరువాత నన్ను పోస్టల్ కోడ్ అడిగింది. పౌరసత్వం కూడా అడుగుతుందేమో అని పీఆర్ (శాశ్వత నివాసం) కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అడగలేదు.

గడువు ముగిసిన ఐదు రోజులకు, నవంబరు 25న, బిల్లు చట్టమైపోయింది. ఆ ఐదు రోజుల్లో మా రాతలన్నీ ఎవరు చదివారో, ఎలా చదివారో! మధ్యలో ఒక సవరణ కూడా చేర్చారు: ఈ దారులు తీసేసినందువల్ల ఎవరైనా గాయపడినా, చనిపోయినా ప్రభుత్వం మీద దావా వేయడానికి వీల్లేదు. ప్రమాదం ఉండదని నమ్మేవాళ్ళకు ఆ సవరణతో పనేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తీసేయడానికి 4.8 కోట్ల డాలర్లు అవుతుందని నగరపాలక సిబ్బంది లెక్క వేశారు.

సైకిల్ టొరంటో అనే సంస్థ, ఇద్దరు సైకిలిస్టులు కోర్టుకు వెళ్ళారు. ఖర్చులకు యాభై డాలర్లు పంపడం తప్ప నేను చేసిందేమీ లేదు. శీతాకాలమంతా డ్యూటీకి వెళ్తూ ప్రతిరోజూ గట్టు ఉందో లేదో చూసుకున్నాను. 2025 ఏప్రిల్ 22న కోర్టు స్టే ఇచ్చింది. జూలై 30న జస్టిస్ పాల్ షాబాస్ తీర్పు వచ్చింది: వాటిని తీసేస్తే రద్దీ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, మనుషుల ప్రాణాలకు ముప్పు పెరుగుతుంది, కాబట్టి ఇది రాజ్యాంగంలోని హక్కుల పత్రం 7వ సెక్షన్‌కు విరుద్ధం. అప్పీలుకు వెళ్తామని ప్రభుత్వం వెంటనే చెప్పింది.

ఆ సాయంత్రం బావగారు ఫోను చేశారు. కారులోనే ఉన్నారు, వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"విన్నానమ్మా, మీ జడ్జిగారు గెలిపించారట. మరి నేను రాసింది ఏమైనట్టు?"

"అదీ అక్కడే ఉంటుంది బావగారూ. ఒక్క తప్పు లేకుండా."