ట్రాన్స్‌పోజ్ బటన్ లేని వాయిద్యం

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లకు, కాలేజీ వార్షికోత్సవాలకు, డిసెంబరులో చర్చి కార్యక్రమాలకు వెళ్లే ఒక ఆర్కెస్ట్రాలో నేను బేస్ గిటార్, అంటే పాటకు అడుగున మోగే కింది స్థాయి స్వరాల గిటార్, వాయిస్తాను. పార్టీ వాళ్లు రేటు తగ్గించమని పట్టుబట్టినప్పుడు, ఎవరిని తీసేస్తే గిట్టుబాటవుతుందని మా లీడర్ మనసులో లెక్క వేసుకుంటే, ఆ లెక్కలో మొదట వచ్చే పేరు నాదే. కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ వాయించవచ్చునని, ల్యాప్‌టాప్‌లో ముందే రికార్డు చేసి ఉంచిన ట్రాక్‌లో బేస్ కూడా ఉంటుందని ఇప్పుడు పెళ్లికొడుకు మేనమామకు కూడా తెలుసు. "కీబోర్డుల బేస్ వస్తది కదన్నా, మళ్ల గీ మనిషెందుకు?" అని వేదిక కిందనే, నేను వినేటట్టుగానే అడిగినవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కాబట్టి దానికి న్యాయంగానే జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా శ్రుతి సంగతి. సినిమా పాటను రికార్డయిన శ్రుతిలోనే వేదిక మీద పాడగలిగే సందర్భాలు తక్కువ. అది మా గాయకుల లోపమేమీ కాదు. స్టూడియోలో ఒక పాటకు తగిన గొంతును ఎంచుకుని, ఆ గొంతుకు తగిన శ్రుతిని పెట్టుకుని పాడించడం వేరు. ఒకే మనిషి ఒకే రాత్రి పదిమంది గాయనుల పాటలు, అదీ ఏసీ గాలిలో, అన్నం తినకుండా, పాడవలసి రావడం వేరు. "అన్నా, ఇయాల గొంతు బాగలేదు, ఒక అర దించుండ్రి" అని మా గాయని పాట మొదలుకావడానికి ముందు చెబుతుంది. కీబోర్డు తమ్ముడు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కి, తన వేళ్లను ఎప్పుడూ పెట్టే చోటనే పెట్టుకుంటాడు. నాకు ఆ బటన్ లేదు. పాట మొత్తాన్ని, పల్లవి నుంచి చివరి చరణం దాకా, ఆ రెండు క్షణాలలో చేతితోనే పక్కకు జరపాలి.

జరపడమంటే ఒక ఫ్రెట్ (గిటార్ మెడ మీద స్వరాల చోట్లను విడదీసే లోహపు గీత) అటో ఇటో వెళ్లడమే కదా అని గిటార్ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు అంటారు. మన దగ్గర పాడేవాళ్లు శ్రుతిని అంకెలలో చెబుతారు: ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, మూడు అంటే ఇ, ఐదు అంటే జి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగను నొక్కకుండా మీటితే పలికేది ఇ, అంటే మూడు శ్రుతి, సెకనుకు సుమారు 41 కంపనాలు. పాట మూడులో ఉన్నంతసేపు ఆ ఖాళీ తీగ నాకు కొండంత అండ. ఎడమచేయి ఎక్కడ ఉన్నా కింద ఆధారస్వరం మోగుతూనే ఉంటుంది. గాయని అర దించమనగానే పాట రెండున్నరకు వస్తుంది, ఆ స్వరం నాలుగు తీగల బేస్‌లో ఆ కింది స్థాయిలో లేనే లేదు. ఎ తీగ ఆరో ఫ్రెట్‌లోనో, డి తీగ మొదటి ఫ్రెట్‌లోనో పై స్థాయిలో దొరుకుతుంది గానీ, పాట కింద ఉన్న నేల ఒక్కసారిగా మీదికి లేచినట్టు అనిపిస్తుంది. పైగా అంతవరకు ఖాళీ తీగల మీద సాగిన వాయింపంతా నొక్కే వేళ్ల మీదికి మారుతుంది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నాటి నుంచి మామూలు బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు, కింది ఫ్రెట్ల దగ్గర వేలికీ వేలికీ మధ్య దూరం ఎక్కువ. మూడు గంటల కార్యక్రమంలో ఇలాంటి పాటలు వరుసగా పడితే మణికట్టు గుర్తుచేస్తూనే ఉంటుంది.

అందుకే ఆర్కెస్ట్రాలో వాయించేవారు చాలామంది ఐదు తీగల బేస్‌కు మారారు. నేనూ మారాను. ఐదోది బి తీగ. దాని నాలుగో ఫ్రెట్‌లో నాకు కావలసిన రెండున్నర, కింది స్థాయిలోనే దొరుకుతుంది. ఆ తీగ ఖాళీగా పలికించే బి స్వరం సుమారు 31 కంపనాలది. దానిని స్పష్టంగా వినిపించగల స్పీకర్లు ఫంక్షన్ హాలుకు వస్తాయని నేను ఆశించను. ఐదో తీగను నేను కొన్నది దాని ఖాళీ స్వరం కోసం కాదు, దాని ఫ్రెట్ల కోసం.

ఇక రెండో సంగతి, నా ఉద్యోగాన్ని నిజంగా నిలబెడుతున్నది. వేదిక మీద పాట తిన్నగా నడవదు. గాయకుడు రెండో ఇంటర్లూడ్ (చరణానికి ముందు వచ్చే వాద్యాల భాగం) పూర్తికాకముందే చరణం ఎత్తుకుంటాడు, లేదా పెళ్లికూతురు స్నేహితురాలు మైకు తీసుకుని పల్లవితో మొదలుపెట్టవలసిన పాటను చరణంతో మొదలుపెడుతుంది. ట్రాక్‌కు ఇవేవీ తెలియవు. అది తన కొలత ప్రకారం తాను పోతూ ఉంటుంది, పాడేవాళ్లు దానిని పట్టుకోవడానికి పరుగెత్తాలి. మనుషులు వాయించే చోట మాత్రం పాడేవాళ్ల వెనుక మేము వెళ్తాం. ఎవరో ఒకరు ముందుగా తేల్చుకుని కొత్త చోటు ఇదీ అని గట్టిగా చెప్పాలి, ఆ చెప్పడం మాటలతో కుదరదు. బేస్ ఏ స్వరం మీద దిగితే మిగతావాళ్ల చెవి అక్కడికి వస్తుంది. గిటారిస్టు, కీబోర్డు తమ్ముడు వేర్వేరు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) పట్టుకున్నా, కింద ఆధారస్వరం ఒక్కటే వినబడితే వినేవారికి పెద్దగా తేడా తెలియదు. ఆధారస్వరమే తప్పితే మాత్రం అందరూ సరిగా వాయిస్తున్నా పాట చెడినట్టే ఉంటుంది. కాబట్టి నేను పాట వాయిస్తున్నంతసేపు నా వేళ్లను చూడను; పాడేవారి భుజాలను చూస్తాను. శ్వాస తీసుకునేటప్పుడు భుజం లేస్తుంది. ఇంటర్లూడ్ ఇంకా నాలుగు తాళావర్తాలు ఉండగానే భుజం లేచిందంటే చరణం ముందే వస్తుందని అర్థం, నేను అప్పుడే చరణం స్వరం మీదికి దిగిపోతాను.

దీనికి తోడు, సభా మర్యాదలు. మంచి పాట నడుస్తుండగా "ఎమ్మెల్యే సాబ్ వచ్చిండు" అని ఎవరో చెవిలో చెబుతారు. వెంటనే ఆపకూడదు, ఆపితే హాలు చల్లబడుతుంది. పూర్తిచేయనూ కూడదు, యాంకర్ మాట్లాడాలి. లీడర్ చూపుడువేలితో గాలిలో సున్నా చుడతాడు. అంటే పల్లవి చివరి రెండు కార్డుల మీద తిరుగుతూ ఉండమని. శాలువాలు, ఫోటోలు, మళ్లీ ఫోటోలు అయ్యేవరకు, ఒక్కోసారి ఐదు నిమిషాల పాటు, డ్రమ్స్ కర్ర అంచులతో, నేను రెండు స్వరాలతో తిరుగుతాం. లీడర్ పిడికిలి బిగించగానే తరువాతి మొదటి దెబ్బ మీద అందరం కలిసి ఆగాలి. చూసేవారికి ఇందులో సంగీతమేమీ కనిపించకపోవచ్చు. నా మట్టుకు ఆ రాత్రి అన్నిటికంటే కష్టమైన పని అదే, ఎందుకంటే విసుగుతో చిన్న అలంకారం వేసినా మాట్లాడే మనిషి మాట మీద పడుతుంది.

శబ్దం సంగతి చెప్పుకోకుండా ఈ వృత్తి గురించి రాయడం కుదరదు. హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లయినా, పరకాల దగ్గర రేకుల షెడ్డయినా, నున్నటి గోడలు, గచ్చు నేల. 41 కంపనాల స్వరానికి గాలిలో తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైనే. అది గోడకు తగిలి తిరిగొచ్చి తనను తానే కొన్నిచోట్ల పెంచుకుంటుంది, కొన్నిచోట్ల చంపుకుంటుంది. మూడో వరుసలో కూర్చున్న ముసలాయన ఛాతీ అదురుతుందని లేచిపోతుంటే, ఆరో వరుసలో ఉన్న కుర్రవాళ్లు బేస్ వినపడడం లేదని సౌండ్ ఆయనకు సైగ చేస్తుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. నేను చేయగలిగిందల్లా స్వరాన్ని పొడవుగా సాగనీయకుండా అరచేతి అంచుతో నొక్కి పొట్టిగా కత్తిరించడం. ఖాళీ హాల్లో అది పొడిగా ఉంటుంది, జనం నిండిన హాల్లో సరిపోతుంది.

కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఇంకో అతిథి వస్తుంది: స్పీకర్లలో 50 కంపనాల హమ్, అంటే గుయ్‌మనే మోత. జి స్వరం 49, కాబట్టి పాట ఐదు శ్రుతిలో ఉంటే ఆ హమ్ దాదాపు పాటలోనే కలిసిపోతుంది. నాలుగున్నరలో, అంటే 46 దగ్గర, వాయిస్తే రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటూ అలలు అలలుగా వినబడతాయి. ఎర్త్ సరిగా లేని చోట కోరస్ పాడడానికి పెదవి మైకుకు తగిలితే షాక్ కొడుతుంది. నా గిటార్ పెట్టెలో ట్యూనర్ పక్కన ఎలక్ట్రీషియన్ టెస్టర్ ఒకటి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి ఎప్పుడూ ఉంటాయి. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ పికప్‌లున్న బేస్‌లో జాక్ (వైరు కొన) పెట్టి వదిలేస్తే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అన్నానికి పిలిచినప్పుడు జాక్ తీసి వెళ్లడం ఈ వృత్తిలో మొదటి క్రమశిక్షణ.

ఆరుబయలు లాన్‌లో కార్యక్రమమైతే రాత్రి పది గంటల నిబంధన ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్ స్పీకర్లు కూడదు. ఫిర్యాదు వచ్చిందంటే గోడలు దాటి పోయేది బేస్ కాబట్టి, సౌండ్ ఆయన ముందుగా కట్టేసేది బేస్ బాక్సులనే. ఆ తరువాత నేను వాయిస్తున్నానో లేదో వేదిక మీద ఉన్నవారికి మాత్రమే తెలుస్తుంది.

ఇన్ని పరిమితుల మధ్య ఇష్టపడి వాయించేదేమైనా ఉందా అంటే, ఉంది. 1980ల ఇళయరాజా పాటలు అడిగేవారు ప్రతి పెళ్లిలో ఒకరిద్దరు ఉంటారు, సాధారణంగా పెళ్లికూతురు తండ్రి వయసువారు. వాటిలో బేస్ ఆధారస్వరం మీద కూర్చుని ఉండదు. గాయకుడు ఆగిన చోట తాను నడుస్తుంది, పాటకు ఎదురుగా ఇంకో పాటలా. వాటిలో చాలావాటికి బేస్ వాయించిన శశిధరన్ వేళ్లను విని నేర్చుకున్న బేసిస్టులు మా తరంలో లెక్కలేనంతమంది. వేదిక మీద దానిని యథాతథంగా వాయించాలని కొత్తలో ఉబలాటం ఉంటుంది. మోత ఉన్న హాల్లో ఆ స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి కాబట్టి, నేను పల్లవిలో సగం వదిలేసి, ఇంటర్లూడ్‌లో మాత్రం పూర్తిగా వాయిస్తాను. తెలిసినవారు గుర్తుపడతారు.

చివరికి ఎప్పుడూ తీన్మార్. డప్పు కళాకారులు హాలు బయట గడ్డి మంట వేసి చర్మాన్ని కాచుకుని, వేలితో తట్టి చూసుకుని లోపలికి వస్తారు. ఆ తరువాత కార్డులతో పని లేదు. వారి దెబ్బల మధ్య ఖాళీలను చెడగొట్టకుండా ఒకే స్వరం మీద నిలబడడమే బేస్ పని, దానిని నేను ఆనందంగా చేస్తాను.

ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢాలలో ఈ పని ఉండదు. మేడారం జాతర జరిగే ఏడాది మాఘంలో ఆ వారం మమ్మల్ని తీసుకెళ్లే తుఫాన్ బండి దొరకదు, దొరికినా ములుగు వైపు పోయే రేటు అడుగుతారు. గోదావరిఖని వైపు డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం, ఆ వెంటనే క్రిస్మస్, కొంత నిలదొక్కుకోవడానికి వీలవుతుంది. మాలో చాలామందికి పగలు వేరే పని ఉంది, నాకూ ఉంది.

మేనమామ ప్రశ్న మీద మా లీడర్‌కు, నాకు మధ్య ఇప్పుడు ఒక ఒప్పందం ఉంది. పిల్లలు డ్యాన్సులు వేసే సంగీత్ అయితే ట్రాకులే నడుస్తాయి, నేను వెళ్లను, డబ్బూ అడగను. నలుగురు పాడేవారు, బంధువుల ఫర్మాయిషులు ఉన్న రిసెప్షన్ అయితే బేస్ లేకుండా ఒప్పుకోవద్దని నేను, ఒప్పుకోనని ఆయన. రేటు తగ్గితే అందరికీ సమానంగా తగ్గుతుంది. శ్రావణం ముహూర్తాలకు అడ్వాన్సులు ఈ లెక్క మీదనే తీసుకుంటున్నాం.