గ్లోబు మీద ఒక సెంటీమీటరు

ఖండాలు కదులుతాయని పిల్లలకు బడిలో చెప్తారు. అమ్మానాన్నలు పుట్టిన ఇండియా ఎక్కడెక్కడ తిరిగి అక్కడికి చేరిందో చూపించే పని మాత్రం ఇంట్లో మనదే. దానికి గోడ మ్యాపు పనికిరాదు, అందులో అంటార్కిటికా అడ్డంగా సాగిపోయి ఉంటుంది. సముద్రం లోతులను రంగుల్లో చూపే 30 సెం.మీ. గ్లోబు, ట్రేసింగ్ పేపరు, కత్తెర కావాలి.

ఒకప్పుడు ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఇండియా, మడగాస్కర్, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలను గీసి కత్తిరించండి. తీరం వెంబడి కత్తిరిస్తే అతుకు కుదరదు. సముద్రమట్టం మారితే తీరమూ జరుగుతుంది. ఖండం అసలు అంచు నీటి అడుగున ఉంది, లేత నీలం ముదురు నీలమయ్యే చోట. ఆఫ్రికా పెద్దది కాబట్టి అంచుల్లో గాట్లు పెడితేగాని గ్లోబు మీద ఒదగదు.

ఈ గ్లోబు మీద 1 సెం.మీ. అంటే సుమారు 425 కి.మీ. ఇండియా ఇప్పుడు ఏడాదికి దాదాపు 5 సెం.మీ. జరుగుతోంది. అంటే కాగితాన్ని ఒక్క సెంటీమీటరు జరిపితే 85 లక్షల ఏళ్లు గడిచినట్టు! మడగాస్కర్‌ను వదిలింది సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట, ఆసియాను గుద్దింది సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట. మధ్యలో వేగం ఏడాదికి 15 సెం.మీ. దాటింది. పిల్లలు మిలియన్లలో లెక్కపెడతారు, మనం కోట్లలో. సున్నా జారిపోయేది ఇక్కడే: 50 మిలియన్లంటే 5 కోట్లు.

ఎందుకు కదులుతాయంటే, "కింద లావా ఉంది, దాని మీద తేలుతున్నాయి" అనేస్తాం. అది తప్పు. భూమి పైపెంకు కింద ఉండే మందపాటి పొర, మాంటిల్, దాదాపంతా గట్టి రాయే, కాకపోతే ఆ వేడికి లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది. ఖండాలను, సముద్రపు అడుగును మోసే భారీ రాతి పలకలను లాగే బలాల్లో పెద్దది సముద్రపు పలక సొంత బరువే. సముద్రగర్భ పర్వతశ్రేణుల దగ్గర పుట్టినప్పుడు అది వేడిగా, తేలిగ్గా ఉంటుంది. చల్లబడేకొద్దీ బరువెక్కి ఇంకో పలక కిందికి దిగిపోతుంది. మంచం మీంచి జారే దుప్పటిలా, దిగే కొస వెనకదాన్నంతా లాగుతుంది. ఇండియాను ఉత్తరానికి అలా లాగింది ఒకప్పుడు ఇండియాకూ ఆసియాకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రపు మునుగుతున్న అడుగు. 1912లో ఖండాల కదలికను ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ ఈ కారణం చూపలేకపోయాడు, అందుకే చాలామంది కొట్టిపారేశారు.

ఖండపు రాయి తేలిక, అంత సులువుగా మునగదు. అందుకే నేల ముడతపడి హిమాలయాలు లేచాయి. ఎవరెస్టు కొసన ఉన్న సున్నపురాయిలో సముద్రజీవుల శిలాజాలున్నాయి. ఇది చూపడానికి ఆసియాను గుడ్డతో చేసి, వెనక అంచుకు టేపు వేసి, ఇండియా ముక్కతో నెట్టండి. నిజం ఇండియా కూడా నెడుతూనే ఉంది: ఏటా సుమారు 2 సెం.మీ. కదలిక హిమాలయాల దగ్గరే ఇరుక్కుంటోంది. ఆ ఒత్తిడిలో కొంత 2015 నేపాల్ భూకంపంలో విడుదలైంది.