తోటకూర కట్టలో ఆటవెలది

ఈ రోజు చెప్పుకోదగినది ఏమీ జరగలేదు. రాత్రి వాన కురిసినందువల్ల ఎర్రగడ్డ రైతుబజారు అంతా చిత్తడిగా ఉంది. ఆకుకూరలమ్మే అవ్వ గోనెపట్టా మీద మూట విప్పి, వేళ్ల మట్టి దులిపి కట్టలను వరుసగా పేరుస్తూ, "తోటకూర కట్ట పది రూపాయలు" అని ఎవరికో చెబుతోంది. ఆ మాట చెవిన పడగానే ఆగిపోయాను. తోట, కూర, కట్ట: ఈ మూడూ గురువు (పలకడానికి నిడివి ఎక్కువ పట్టే అక్షరం) వెంట లఘువు (పొట్టి అక్షరం) వచ్చే హగణాలే. హగణమైనా, మూడు లఘువుల నగణమైనా సూర్యగణమే కాబట్టి, ఇవి వరుసగా మూడు సూర్యగణాలు. నాలుగు పాదాల ఆటవెలది పద్యంలో మొదటి పాదం మొదలయ్యేది ఇలాగే. వేమన "ఉప్పు కప్పురంబు" నడక కూడా అక్షరాలా ఇదే. 1829లో సి.పి. బ్రౌన్ అచ్చు వేయించక ముందే వేమన పద్యాలు జనం నోట నిలిచి ఉన్నాయంటే, ఆ ఛందస్సు మన రోజువారీ మాటకు ఇంత దగ్గరిది కావడం కూడా ఒక కారణమని నా నమ్మకం. ప్రేరణ అంటే భావం ఎక్కడి నుంచో దిగిరావడమని చాలామంది అంటారు కానీ, నా వరకు అది ముందుగా చెవి చేసే పని.

ఇంటికి చేరేలోపే రెండు పాదాలు కుదిరాయి.

తోటకూర కట్ట తొలకరి వాసన
మోసి తెచ్చెనవ్వ మూట గట్టి

మూడో పాదం దగ్గర చాలాసేపు ఆగవలసి వచ్చింది. బజారులో డబ్బులు తీసుకుంటూ అవ్వ, "వాన పడితె ఆకు మురిగిపోతది బిడ్డా, జల్ది అమ్ముకోవాలె" అంది. "వాన పడితె ఆకు" వరకు మళ్లీ మూడు సూర్యగణాలే, కానీ నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరమైన "వా"తో యతి కలవాలి, అంటే ధ్వనిలో దానికి జత కావాలి, "మురిగి" కలవదు. "వాడిపోతది" అని మారిస్తే లక్షణం సరిపోతుంది. అయితే ఆకు వాడేది ఎండకు, వానకు మురుగుతుంది. వాడిన ఆకు నీళ్లు చల్లితే తేరుకుంటుంది, మురిగినది పారబోయవలసిందే, దానితోపాటు ఆ రోజు సంపాదన కూడా పోతుంది. యతి కోసం ఆ నష్టాన్ని చెరిపివేసే హక్కు నాకు లేదు.

సాయంత్రం బట్టలు మడత పెడుతుండగా, మారవలసినది పాదం చివర కాదు, మొదలని తోచింది.

ముసురు పడితె ఆకు మురిగిపోతది బిడ్డ

నిజానికి ఒక్క వానకంటే, విడవకుండా పట్టిన ముసురే ఆకుకు ఎక్కువ చేటు. ఇక నాలుగో పాదానికి ఐదు సూర్యగణాలు కావాలి, అందులో ఆమె తొందర వినిపించాలి. "అమ్ముకోవాలె" అన్న మాట ఉన్నదున్నట్టుగా సూర్యగణాల్లో ఇమడదు, దాన్ని ఎలా మలచాలో ఇంకా తేలలేదు.