మాది కాని స్కూటరుకు మాకొచ్చిన చలానా

గచ్చిబౌలి కూడలిలో హెల్మెట్ లేకుండా వెళ్లినందుకు చలానా విధించినట్లు నా ఫోనుకు సందేశం వచ్చింది. అందులో చూపిన సమయానికి మా బండి మల్కాజిగిరిలో మెకానిక్ దగ్గర ఉంది. చిన్న మొత్తమే కదా, కట్టేయమని ఇంట్లో అన్నారు. చేయని తప్పుకు డబ్బు కడితే దాన్ని ఒప్పుకున్నట్లే అవుతుందని నేను కట్టలేదు.

వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి ఫొటో తెరిస్తే అందులో ఉన్నది స్కూటరు. మాది గేర్ల మోటారు సైకిలు. నంబరు ప్లేటును పెద్దది చేసి చూశాను. 3 అంకెకు ఎడమవైపు అంటుకున్న మట్టి మరక దాన్ని 8గా మార్చేసింది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 136ఎ సెక్షనును చేర్చి రోడ్లపై కెమెరాల వంటి ఎలక్ట్రానిక్ నిఘాకు దారి వేయగా, కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోకి 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన దానికి హద్దులు గీసింది. పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి; కెమెరా ఉందని తెలిపే హెచ్చరిక బోర్డు కనబడేలా పెట్టాలి; ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి; అందులో నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం ఉండాలి. నాకు అండగా నిలిచింది ఆ ఫొటోయే.

ఆర్‌సీ నకలు, మా బండి ఫొటో, మెకానిక్ ఇచ్చిన రసీదు జతచేసి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎన్నాళ్లకూ జవాబు రాలేదు, ఎప్పటిలోగా వస్తుందో చెప్పినవారూ లేరు. చివరకు సంబంధిత కార్యాలయానికి స్వయంగా వెళ్తే, అక్కడి సిబ్బంది ఫొటోను ఆర్‌సీ వివరాలతో పోల్చి చూసి, వాహనం వేరని రాసుకొని చలానా తొలగించారు. పని మొదలుపెట్టాక నిమిషాల్లో తేలిపోయింది.

కెమెరాలు వద్దని నేను అనను. ఎర్ర దీపం పడ్డా ఆగకుండా దూసుకుపోయే బండ్ల మధ్య పిల్లలను రోడ్డు దాటించే ఎవరూ అనరు. అయితే యంత్రం చదివిన నంబరుకు రిజిస్ట్రేషన్‌లో ఏ రకం వాహనం నమోదై ఉందో చలానా పంపకముందే ఒక మనిషి సరిచూడాలి. ఫిర్యాదుకు జవాబివ్వడానికి గడువు పెట్టి, దాన్ని చలానా మీదే ముద్రించాలి. ఫోనులో ఫొటో తెరవడం తెలియని పెద్దవాళ్లు, తప్పు ఎవరిదైనా సరే, మీసేవకు వెళ్లి డబ్బు కట్టి వస్తున్నారు. అలాంటివారి కోసం సొమ్ము కట్టించుకునే ఆ బల్ల దగ్గరే ముందుగా ఫొటో చూపించి, అభ్యంతరం ఉంటే రాసుకునే ఏర్పాటు చేయాలి.